మొదటి ఏడాది గట్టెక్కితే చాలదు: విద్యారుణాలు, స్కాలర్‌షిప్‌లు ఏటా నిలబెట్టుకోవాల్సిందే

ఇంజినీరింగ్‌లోనో డిగ్రీలోనో సీటు వచ్చినప్పుడు ఇంట్లో వేసుకునే లెక్కలు ఎక్కువగా మొదటి ఏడాది ఫీజు చుట్టూనే తిరుగుతాయి. బ్యాంకు రుణం మంజూరై, స్కాలర్‌షిప్ దరఖాస్తు ఆమోదం పొందితే గండం గడిచినట్టే అనుకుంటారు. కానీ దేశంలో ఉన్నత విద్యకు అందే ప్రభుత్వ సాయంలో చాలా భాగం ఏటా కొనసాగింపు పొందాల్సినదే. మార్కులు, హాజరు, ధ్రువపత్రాలు, ప్రభుత్వాల నిధుల విడుదల... వీటిలో ఏది తప్పినా చదువు మధ్యలో డబ్బు ఆగుతుంది.

విద్యారుణం: ఒకేసారి మంజూరు, విడతలుగా చెల్లింపు

ప్రభుత్వ బ్యాంకులు ఇచ్చే విద్యారుణాలకు ఇండియన్ బ్యాంక్స్ అసోసియేషన్ రూపొందించిన నమూనా పథకమే ఆధారం. రూ.4 లక్షల వరకు ఆస్తి తాకట్టు అక్కర్లేదు. రూ.7.5 లక్షల వరకు రుణాలకు కేంద్ర రుణ హామీ నిధి 75 శాతం మేర పూచీ ఇస్తుంది. మొత్తం ఒకేసారి చేతికి రాదు. ఫీజు గడువును బట్టి విడతలుగా విద్యాసంస్థకే చేరుతుంది. అందుకే ప్రతి ఏడాదీ ఫీజు వివరాలు, మార్కుల జాబితా బ్యాంకుకు ఇవ్వాల్సి ఉంటుంది. సబ్జెక్టులు మిగిలిపోయి కోర్సు సకాలంలో పూర్తికాకపోతే గరిష్ఠంగా రెండేళ్ల వరకు గడువు పొడిగించే వెసులుబాటు నమూనా పథకంలో ఉంది. అయితే విద్యార్థి ముందుగానే బ్యాంకును అడగాలి.

కోర్సు కాలం, ఆపై ఒక ఏడాది మారటోరియం. ఆ కాలంలో వాయిదాలు కట్టనక్కర్లేదు, కానీ వడ్డీ మాత్రం లెక్కలోకి వస్తుంది. ఉదాహరణకు నాలుగేళ్ల కోర్సుకు ఏడాదికి రూ.లక్ష చొప్పున తీసుకున్నారనుకుందాం. 10 శాతం సాధారణ వడ్డీ లెక్కన, మొదటి విడతపై ఐదేళ్లకు రూ.50 వేలు, తర్వాతి విడతలపై వరుసగా రూ.40 వేలు, రూ.30 వేలు, రూ.20 వేలు పడతాయి. అంటే తొలి వాయిదా కట్టే నాటికి రూ.4 లక్షల అప్పు రూ.5.4 లక్షలవుతుంది.

వడ్డీ రాయితీ ఎవరికి?

ఈ భారాన్ని తగ్గించడానికి కేంద్రం రెండు రకాల రాయితీలు ఇస్తోంది. 2009-10 నుంచి ఉన్న వడ్డీ రాయితీ పథకం కింద, కుటుంబ వార్షికాదాయం రూ.4.5 లక్షల లోపు ఉండి సాంకేతిక, వృత్తివిద్యా కోర్సులు చదివేవారికి మారటోరియం కాలపు వడ్డీ మొత్తాన్ని ప్రభుత్వమే కడుతుంది. 2024 నవంబరు 6న కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన పీఎం-విద్యాలక్ష్మి పథకం, ర్యాంకింగ్‌ల ఆధారంగా ఎంపికైన సంస్థల్లో చేరినవారికి వర్తిస్తుంది. ఆదాయం రూ.8 లక్షల లోపు ఉంటే రూ.10 లక్షల వరకు రుణంపై, మారటోరియం కాలానికి 3 శాతం వడ్డీ రాయితీ ఇస్తారు. ఏటా లక్ష మందికి ఈ రాయితీ ఇవ్వాలన్నది లక్ష్యం. పై ఉదాహరణలో పూర్తి రాయితీ వస్తే రూ.1.4 లక్షలు, 3 శాతం రాయితీ వస్తే రూ.42 వేలు మిగులుతాయి.

ఇక్కడే రెండు మెలికలు ఉన్నాయి. ఇతర ప్రభుత్వ స్కాలర్‌షిప్ లేదా వడ్డీ రాయితీ పొందుతున్నవారికి విద్యాలక్ష్మి 3 శాతం రాయితీ రాదు. చదువు మధ్యలో మానేసినా, క్రమశిక్షణ లేదా చదువులో వెనుకబాటు కారణంగా బహిష్కరణకు గురైనా పూర్తి రాయితీ పోతుంది. అనారోగ్యంతో ఆగిపోయినవారికి మాత్రమే మినహాయింపు. చదువు ఆగి, ఉద్యోగమూ లేని స్థితిలో వడ్డీ భారమంతా కుటుంబంపైనే పడుతుందన్నమాట.

కేంద్ర స్కాలర్‌షిప్: 50 శాతం మార్కులు, 75 శాతం హాజరు

ఇంటర్ మార్కుల్లో తమ బోర్డులో 80వ పర్సంటైల్ పైన నిలిచి, కుటుంబ ఆదాయం రూ.4.5 లక్షల లోపు ఉన్నవారికి కేంద్రం ఏటా గరిష్ఠంగా 82 వేల కొత్త స్కాలర్‌షిప్‌లు ఇస్తుంది. డిగ్రీ మొదటి మూడేళ్లు ఏడాదికి రూ.12 వేలు, పీజీలో రూ.20 వేలు. నాలుగేళ్ల వృత్తి కోర్సుల్లో చివరి ఏడాది రూ.20 వేలు వస్తాయి. దూరవిద్య వారికి వర్తించదు. కొనసాగాలంటే వార్షిక పరీక్షల్లో కనీసం 50 శాతం మార్కులు, 75 శాతం హాజరు ఉండాలి. ప్రతి ఏడాదీ నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో రెన్యువల్ దరఖాస్తు చేయాలి. రాష్ట్ర ఫీజు రీయింబర్స్‌మెంట్ తీసుకుంటున్నవారు దీనికి అనర్హులు.

రాష్ట్రాల సాయం: అర్హత ఉన్నా ఆగేది నిధుల దగ్గరే

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో పేద విద్యార్థులకు ప్రధాన ఆసరా ఫీజు రీయింబర్స్‌మెంటే. ఎస్సీ విద్యార్థుల పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ ఖర్చులో కేంద్రం 60 శాతం భరించేలా 2020 డిసెంబరులో నిర్ణయమైంది. ఆదాయ పరిమితి రూ.2.5 లక్షలు. కేంద్ర వాటా నేరుగా విద్యార్థి ఖాతాలో పడుతుంది. అయితే రాష్ట్రం తన వాటా విడుదల చేశాకే కేంద్ర వాటా కదులుతుంది. రాష్ట్ర ఖజానాలో జాప్యం జరిగితే రెండూ ఆగినట్టే.

బకాయిలు పేరుకున్నప్పుడు కళాశాలలకూ ప్రభుత్వానికీ మధ్య వివాదం విద్యార్థి మీదకు వస్తుంది. 2025 నవంబరులో తెలంగాణలో ప్రైవేటు వృత్తివిద్యా కళాశాలలు బకాయిల కోసం బంద్ పాటించాయి. బకాయిల సాకుతో విద్యార్థిని ఫీజు కట్టమనడం, పత్రాలు అట్టిపెట్టుకోవడం వంటి ఫిర్యాదులూ వస్తుంటాయి. విద్యార్థుల అసలు ధ్రువపత్రాలను సంస్థలు తమ వద్ద ఉంచుకోరాదని యూజీసీ 2018 అక్టోబరు నోటిఫికేషన్‌లో స్పష్టం చేసింది.

చదువుతున్నవారు గమనించాల్సినవి

రెన్యువల్ దరఖాస్తు కళాశాల పరిశీలన దాటి ముందుకు వెళ్లిందో లేదో చూసుకోవాలి. అక్కడే నిలిచిపోతే డబ్బు రాదు. బ్యాంకు ఖాతాకు ఆధార్ అనుసంధానం, చెల్లుబాటులో ఉన్న ఆదాయ ధ్రువపత్రం దగ్గర పెట్టుకోవాలి. రెండు పథకాలకు అర్హత ఉంటే ఏది ఎక్కువ మేలు చేస్తుందో మొత్తం కోర్సు కాలానికి లెక్కవేసి ఎంచుకోవాలి. ఫీజు రసీదులు, ప్రతి సెమిస్టర్ మార్కుల జాబితా భద్రపరచుకోవాలి.

విద్యార్థి 75 శాతం హాజరు తప్పితే సాయం ఆగుతుంది. నిధుల విడుదలలో ప్రభుత్వం గడువు తప్పినా ఆగేది విద్యార్థి సాయమే. ఈ అసమానత తొలగనంత కాలం, రెండో ఏడాది ఫీజు గురించి మొదటి ఏడాదిలోనే ఆలోచించుకోవడం తప్ప విద్యార్థికి వేరే దారి లేదు.