స్త్రీ పాత్ర ఎవరిది? రిహార్సలుకు ముందటి ఒక నిర్ణయం

నటుడు ప్రయోక్తగా మారినప్పుడు అతని మొదటి పని రంగస్థలం మీద జరగదు. ఏ నాటకం వేయాలి, ఏ పాత్ర ఎవరికివ్వాలి అన్నవి రిహార్సళ్ళు మొదలుకాక ముందే తేలిపోతాయి. మన నాటక చరిత్రకారులు పద్యాలనూ బిరుదులనూ పట్టించుకున్నంతగా ఈ నిర్ణయాలను పట్టించుకోలేదని నా అభిప్రాయం. సీమ నాటకరంగం నుంచే రెండు ఉదాహరణలు చూపుతాను.

1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు తమ బంధుజనంతో ‘కీచకవధ’ ఆడించారు. వారిది తోలుబొమ్మలాటతో ఊరూరా తిరిగి బతికిన కులం. దత్తమండలాలను మాడ్చిన 1876–78 కరువు ముగిసి అప్పటికి ఏడేళ్ళే. బొమ్మలాటలో తెర వెనుక బొమ్మను ఆడించేవాడే దానికి మాట ఇస్తాడు, పద్యం పాడతాడు, కాలికింద బల్ల తొక్కి యుద్ధధ్వని పుట్టిస్తాడు. నటుడు వేరు, ప్రయోక్త వేరు అన్న విభజన అక్కడ లేదు. ఆడబొమ్మలకు ఇంటి ఆడవారే గొంతు. ఇల్లంతా పనిచేస్తే తప్ప కూడు దొరకని ఆ జీవనంలో, బొమ్మ స్థానంలోకి మనిషి వచ్చాక స్త్రీ పాత్ర స్త్రీకే దక్కడం సహజ పరిణామం. సురభి సమాజాలలో అది తొలినాళ్ళలోనే స్థిరపడింది.

ఆ కాలంలోనే బళ్ళారిలో ధర్మవరం కృష్ణమాచార్యులు సరస వినోదినీ సభను నడిపారు. అది వకీళ్ళూ విద్యావంతులూ పోషించిన సభ. అక్కడ ఆడవేషం మగవాడిదే. ఆచార్యులవారి మేనల్లుడు, 1880లో తాడిపత్రిలో పుట్టిన బళ్ళారి రాఘవ, ఈ ఆచారాన్ని ఎదిరించారు. చదువుకున్న కుటుంబాల స్త్రీలను రంగం మీదికి పిలిచారు. రాజమన్నారు ‘తప్పెవరిది’లో కొమ్మూరి పద్మావతీదేవి ఆయన సరసన నటించారు. ఈ మార్పుకు నాలుగు దశాబ్దాలకు పైగా పట్టింది. ప్రతిభ లేక కాదు, ‘గౌరవం’ అనే గోడ అడ్డమై.

రాఘవ సాహసాన్ని తక్కువ చేయను. కాని ఆయనకు ఒక అధ్యాయమిచ్చిన చరిత్ర సురభి స్త్రీలకు ఒక వాక్యం ఇచ్చి ఊరుకుంటే, అది వర్గదృష్టి కాక మరేమిటి? 1932లో విడుదలైన తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’లో లీలావతి పాత్ర ధరించింది సురభి కమలాబాయే.

అట్లని సురభిని ఆదర్శంగా నిలబెట్టనూ లేము. ఊయలలోనే వేషం నిర్ణయమైన బిడ్డకు కాదనే స్వేచ్ఛ ఎక్కడిది? పద్మావతీదేవి రంగం మీదికి రావడానికి ఒక గోడ దాటాలి. సురభి ఆడపిల్ల రంగం వదలాలన్నా ఒక గోడ దాటాలి. రెంటినీ చూడని విమర్శ సగం విమర్శే.

నాటకం ఎంపిక కూడా ఇంత బలమైనదే. 1990ల దశకంలో బి.వి. కారంత్ సురభివారితో పనిచేసినప్పుడు, పురాణ నాటకాలకు పేరుపడిన ఆ కుటుంబమే బ్రెహ్ట్ నాటకాన్ని ‘బస్తీ దేవత యాదమ్మ’గా ఆడింది. దేవతలు దిగివచ్చే దృశ్యాలకు అలవాటైన రంగం మీద, మంచితనంతో బతకడం పేదరాలికి సాధ్యమా అన్న ప్రశ్న నిలబడింది.

నేడు కర్నూలులోనో కడపలోనో కళాశాల నాటకానికి పూనుకునే విద్యార్థి నటుడు, పాత్రల పేర్ల ఎదుట మిత్రుల పేర్లు రాసుకుంటాడు. ఎవరి పేరు తన ఊహకే రాలేదో, ఎందుకు రాలేదో, రిహార్సలు తేదీ ప్రకటించకముందే అతను విచారించుకోవాలి.