కాలిన కాగితములు, కాలని ముద్రలు



“ఇట్టి దినములలో ఈ పని యెందుకు?” అను మాట కష్టకాలమందు మనలో చాలమంది నోట వచ్చును. పైరు ఎండిన యేడు కీర్తనలు కట్టువాడు కలము క్రింద పెట్టును. ఇంటిలో జబ్బు తీరనప్పుడు, సండేస్కూలు పిల్లలకు నాటకము నేర్పు ఉపాధ్యాయుడు వచ్చే సంవత్సరము చూతమనును. మన తెలుగు భాషతో సంబంధముగల ఒక చరిత్ర ఈ ప్రశ్నకు జవాబిచ్చుచున్నది. దానిని మీ యెదుట పెట్టుచున్నాను.

విలియం కేరీ 1761లో ఇంగ్లండులోని ఒక పల్లెలో పుట్టి, చెప్పులు కుట్టి బ్రదికినవాడు. 1793లో బంగాళమునకు వచ్చెను. మరుసటి సంవత్సరమే అయిదేండ్ల కుమారుడు పీటరు చనిపోయెను. భార్య డొరతికి మతి చలించి, 1807లో మరణించువరకు స్వస్థత కలుగలేదు. ఆమె పడిన బాధను మనము చిన్నదిగా చెప్పరాదు. ఆ యింటిలోనే, ఆ సంవత్సరములలోనే, పండితుల సహాయముతో కేరీ బంగాళీ క్రొత్త నిబంధనను తర్జుమా చేసెను. అది 1801లో సెరంపూరులో అచ్చయ్యెను.

కాలము కూడ మంచిది కాదు. ఐరోపాలో నెపోలియను యుద్ధములు సాగుచుండెను. మిషనెరీలనగా కుంపిణీవారికి ఇష్టము లేదు. డేనుల పట్టణమైన సెరంపూరును 1808లో ఆంగ్లేయులు పట్టుకొనిరి. అయినను కేరీయు, మార్ష్‌మనును, వార్డును తమ అచ్చుకూటమును ఆపలేదు.

1812 మార్చి 11వ తేది సాయంకాలము ఆ అచ్చుకూటమునకు నిప్పంటుకొనెను. కేరీ అప్పుడు కలకత్తాలో నుండెను. వార్డు తలుపులు, కిటికీలు మూయించి, గాలి చొరకుండ చేసి, కప్పుమీదినుండి గంటలకొలది నీళ్లు పోయించెను. ఇంతలో ఎవరో తెలియక ఒక కిటికీ తెరచిరి. మంటలు లేచి నడిరాత్రివేళకు కప్పు కూలెను. ప్రాణనష్టము కలుగలేదు. కాని కాగితము, అనేక దేశభాషల సీసపు అక్షరములు, వ్రాతప్రతులు పోయెను. వానిలో కేరీ సిద్ధపరచిన తెలుగు వ్యాకరణముండెను. సంస్కృతమును, దానికి సంబంధించిన భాషలను ఒక్కచోట చేర్చుటకు ఆయన ఏండ్లతరబడి కూర్చిన మహా నిఘంటువు కూడ ఉండెను.

మరునాడు మార్ష్‌మను కలకత్తాకు వెళ్లి ఈ సంగతి చెప్పెను. కేరీ కన్నీళ్లు విడిచెను. ఆ తరువాతి ఆదివారమున 46వ కీర్తన 10వ వచనము మీద ప్రసంగించెను. దేవుడు తన చిత్తము చొప్పున చేయ హక్కుగలవాడనియు, ఆయనకు లోబడుట మన ధర్మమనియు బోధించెను.

అయితే వార్డు బూడిదలో వెదకగా, అక్షరములను పోతపోయుటకు మూలమైన ఉక్కు ముద్రలు చెడకుండ దొరకెను. చదువరీ, ఈ సంగతిని గమనింపుము. సీసపు అక్షరములు కరిగినను ముద్ర యున్నయెడల మరల పోయవచ్చును. ముద్రయే పోయినయెడల మొదటినుండి చెక్కవలెను. కరిగి ముద్దయైన సీసమునే ఎత్తి, సమీపమున కొద్ది దినముల క్రితమే ఖాళీయైన ఒక గిడ్డంగిలో పోతపని ఆరంభించిరి. వార్త ఇంగ్లండు చేరినప్పుడు సంఘములు రెండు నెలలలోపునే సుమారు 10,000 పౌండ్ల నష్టమును పూరించెను.

కేరీ మరల బల్లయొద్ద కూర్చుండెను. ఎంత బాధకరమైన త్రోవయైనను రెండవసారి నడచునప్పుడు కొంత సులభముగా నుండునని స్నేహితునికి వ్రాసెను. తెలుగు వ్యాకరణము 1814లో వెలువడెను. తెలుగు క్రొత్త నిబంధన 1818లో సెరంపూరులో అచ్చయ్యెను.

పోయినదంతయు తిరిగి వచ్చెనని చెప్పుట సత్యము కాదు. ఆ మహా నిఘంటువు మరల పూర్తికాలేదు. ఆయన తెలుగు తర్జుమాలోను లోపములుండెను. తరువాతివారు దానికన్న మంచి తర్జుమాలు చేసిరి. నేడు మన చేతులలోనున్న బైబిలు ఆయన వ్రాసినది కాదు. మరి ఆయన ప్రయాస వ్యర్థమా? కాదు. పని శాశ్వతముగా నిలుచుననియు, జనులు మెచ్చుకొందురనియు నమ్మి ఆయన కూర్చుండలేదు. తనకప్పగింపబడిన పుటను ఆ దినమున వ్రాయుటయే ఆయన యెంచుకొన్నది. తరువాతివారికి త్రోవ పడుటకు అది చాలెను.

నీవు కట్టిన కీర్తన నీ గ్రామము దాటకపోవచ్చును. నీవు నేసిన బట్ట ఒకనాడు చినుగును. ప్రియ సహోదరీ, సహోదరుడా, కష్టము నీవు చేసినదానిని కాల్చగలదు. చేయుమని నిన్ను పిలిచిన పిలుపును కాల్చజాలదు. ఆ ఉక్కు ముద్ర నీయొద్ద నుండగా, కరిగిన సీసమును ఏరుకొని, రేపు ఉదయము మరల మొదలుపెట్టుము.