కంట్లో సున్నం పడితే ముందు నీళ్లు, తర్వాతే ఆస్పత్రి

పాన్‌లోకి, ఖైనీలోకి వాడే చునా చిన్న ప్లాస్టిక్ ప్యాకెట్లలో దొరుకుతుంది. పిల్లలు దాన్ని ఆటవస్తువు అనుకుని గట్టిగా నొక్కుతారు. ప్యాకెట్ పగిలి సున్నం నేరుగా కంట్లోకి చిమ్ముతుంది. మన దేశంలో చిన్నపిల్లల కళ్లు కాలడానికి ఉన్న ముఖ్య కారణాల్లో ఇదొకటి. గోడలకు సున్నం వేసేటప్పుడు పెద్దవాళ్లకూ ఇదే ప్రమాదం.

చాలా యాసిడ్ల కన్నా సున్నమే కంటికి ఎక్కువ చేటు అంటే చాలామంది నమ్మరు. యాసిడ్ తగిలినచోట ప్రొటీన్లు గడ్డకట్టి, అది మరీ లోపలికి పోకుండా కొంత అడ్డుపడతాయి. సున్నం అలా ఆగదు. కణాల పొరల్లోని కొవ్వును కరిగించుకుంటూ లోపలికి దిగుతుంది. రెప్పల కింద పలుకులు ఇరుక్కుంటే అక్కడే ఉండి కాలుస్తూనే ఉంటాయి.

అందుకే ఆటో కోసం పరిగెత్తేముందు కన్ను కడగాలి. కుళాయి నీళ్లైనా సరే. రెప్పలు వేళ్లతో తెరిచి పట్టుకుని, కనీసం 15 నుంచి 30 నిమిషాలు ధారగా పోయాలి. పిల్లవాడు ఏడ్చి గింజుకున్నా ఆపొద్దు. నీళ్లు పోస్తే సున్నం ఉడుకుతుందని భయపడేవాళ్లున్నారు. ప్యాకెట్‌లోని చునా అప్పటికే నీళ్లలో ఉడికినదే. పొడి సున్నమైతే ముఖం మీది పొడిని బట్టతో దులిపేసి, వెంటనే నీళ్లు గుమ్మరించాలి. విరుగుడు అంటూ నిమ్మరసం, వెనిగర్ వేయొద్దు. గులాబ్ జల్, తేనె, సుర్మా కూడా వద్దు.

ఆస్పత్రిలో లిట్మస్ కాగితంతో చూసి, క్షారం పోయేదాకా మళ్లీ కడుగుతారు. రెప్ప తిరగేసి పలుకులు తీస్తారు. తర్వాత యాంటీబయాటిక్, స్టెరాయిడ్ చుక్కలు. స్టెరాయిడ్ చుక్కలు డాక్టర్ చెప్పినన్ని రోజులే వేయాలి, మెడికల్ షాపులో అడిగి కొనసాగిస్తే ముప్పు. గాయం పెద్దదైతే ఉమ్మనీటి సంచి పొరను కంటిపై పరుస్తారు. కాన్పు సమయంలో పరీక్షలు చేసి సేకరించే పొర అది.

అసలు చిక్కు తర్వాత మొదలవుతుంది. నల్లగుడ్డు అంచు చుట్టూ మూలకణాలు ఉంటాయి. కార్నియా పైపొరను ఎప్పటికప్పుడు కొత్తగా తయారుచేసేవి అవే. అవి కాలిపోతే తెల్లగుడ్డు పొర, రక్తనాళాలు కార్నియా మీదికి పాకుతాయి. చూపు మసకబారుతుంది. ఇలాంటప్పుడు ‘ఐ బ్యాంకు నుంచి కార్నియా తెచ్చి వేయండి’ అని కుటుంబాలు అడుగుతాయి. మూలకణాలు లేని కంటికి కొత్త కార్నియా వేసినా దాని పైపొర నిలవదు. ముందు ఆ కణాలను తిరిగి నాటాలి.

ఈ పనిని తేలిక చేసిన పద్ధతి హైదరాబాద్‌లోని ఎల్.వి. ప్రసాద్ కంటి ఆస్పత్రి నుంచే వచ్చింది. అక్కడి డాక్టర్ వీరేందర్ సంగ్వాన్ బృందం 2012లో దాన్ని ప్రచురించింది. పేరు స్లెట్. బాగున్న కంటి అంచు నుంచి సుమారు 2 మిల్లీమీటర్ల ముక్క తీసి, చిన్న చిన్న తునకలు చేసి, గాయపడిన కంటిపై పరిచిన ఉమ్మనీటి పొర మీద జిగురుతో అంటిస్తారు. కణాలు కంటి మీదే పెరుగుతాయి. అంతకుముందు వాటిని వారాలపాటు ల్యాబ్‌లో పెంచాల్సి వచ్చేది, ఖర్చూ ఎక్కువే. రెండు కళ్లూ కాలినవాళ్లకు మాత్రం తల్లిదండ్రులో తోబుట్టువులో, లేదా మరణానంతరం దానం చేసినవాళ్లో కణాలివ్వాలి. శరీరం వాటిని తిరస్కరించకుండా మందులు వాడాలి.

పిల్లల విషయంలో ఇంకో పని మిగిలి ఉంటుంది. మసక కంటిని మెదడు వాడటం మానేస్తుంది. ఆపరేషన్ తర్వాత బాగున్న కంటికి రోజూ కొన్ని గంటలు పట్టీ వేయమని డాక్టర్ చెబితే, పిల్లవాడు ఎంత మారాం చేసినా వేయాల్సిందే.