చేపల వంశచరిత్ర

విశాఖపట్టణపు రేవులో ప్రాతఃకాలమున గంపలకెత్తు కానగుర్తను ఎరుగనివారు మన తీరమున నుండరు. కొందరు దానిని కానాగంత యనియు పలుకుదురు. ఆ తెలుగుపేరు ప్రపంచ శాస్త్రగ్రంథములకెక్కినదని మాత్రము ఎరిగినవారు కొలదిమందియే. ఈస్టిండియా కంపెనీ కొలువులోని వైద్యుడు పాట్రిక్ రస్సెల్ ఈ పట్టణమున సేకరించిన 200 చేపల వర్ణనలను, చిత్రములను 1803లో లండనునందు ప్రకటించెను. ఇచటివారు పలికిన పేర్లనే ఆయన వ్రాసికొనెను. 1816లో ఫ్రెంచి పండితుడు కువియే ఆ పేరునే గ్రహించి శాస్త్రనామమున చేర్చెను. నేటికిని ఆ చేప రాస్ట్రెలిగర్ కానగుర్తయే.

పేరు తెలిసినది, వంశము తెలియుట యెట్లు? మన రేవున పడిన చేపయు, మలయా తీరమున పడినదియు ఒక్క మందవేనా? రూపమును చూచి నిర్ణయించుట కష్టము. ప్రాణికణములలో శక్తిని పుట్టించు మైటోకాండ్రియా అను సూక్ష్మాంగములు కలవు. వానికి ప్రత్యేకమైన డి.ఎన్.ఏ. కలదు. చేపలలో అది ఇంచుమించు 16,500 అక్షరముల చిన్న వలయము. అందు 37 జన్యువులుండును. సామాన్యముగా అది తల్లినుండియే సంతతికి వచ్చును. ఎన్నో తరములకు ఒక యక్షరము మారును. ఆ మార్పు ఆడుబిడ్డల ద్వారా ముందుకు సాగును. అట్టి గుర్తులను పోల్చి ఏ మంద యే మందకు చుట్టమో పండితులు గ్రహింతురు. గోత్రమును తండ్రివైపునుండియే లెక్కించు మనకు, ప్రకృతి తల్లుల వంశావళిని ఇంత భద్రముగా దాచినదని తెలియుట ఒక గుణపాఠమే.

2015లో ప్రకటింపబడిన యొక పరిశోధనలో మలయా, ఇండోనీషియా ద్వీపముల కానగుర్తలను ఒమాను, పాకిస్తాను తీరములవానితో పోల్చిచూచిరి. ద్వీపసముదాయమున ఎంత దూరమున్నను మందలకు భేదము కానరాలేదు. ప్రవాహములును, చేపల వలసయు వానిని కలిపియుంచినవని వారు తలచిరి. పశ్చిమ సముద్రపు చేపలు మాత్రము వేఱుపడియుండెను.

ఇది పండితుల వినోదము మాత్రమే కాదు. మన తూర్పుతీరమున ఏటేట ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వఱకు 61 దినములు యంత్రపు పడవల వేట నిలుపుదురు. ఆ దినములలో జాలరి తన రాబడి వదలుకొని కాపాడిన చేప యెవరిది? ఒకే మంద పలు రాష్ట్రముల నీళ్లలో తిరుగునదైనచో, ఒక రేవు నిగ్రహము మఱియొక రేవు దురాశచే వ్యర్థమగును. వేఱువేఱు మందలైనచో, ఇచట నశించినది అచటినుండి వచ్చి నిండదు.

అయినను ఈ సాక్ష్యమునకు హద్దు కలదు. తల్లుల వంశావళి తండ్రుల సంచారమును చెప్పదు. తరమునకు కొలదిచేపలు కలిసినను భేదములు చెరిగిపోవచ్చును. అంతమాత్రమున తఱిగిన మంద వెంటనే కోలుకొనునని కాదు. కావున కేంద్రకపు జన్యువులను, వేట లెక్కలను, జాలరుల యనుభవమును కలిపి విచారింపవలెను.

విశాఖలో విశ్వవిద్యాలయమున్నది, కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థవారి ప్రాంతీయ కేంద్రమున్నది. నాడు తీరవాసులు చెప్పగా దొర వ్రాసికొనెను. ఇకమీద గంప నెత్తినెత్తుకొను తల్లి బిడ్డయే పరిశీలించి వ్రాయవలెను. అందులకు తీరపు పల్లెల బడులు బాగుపడునట్లు చూచుట, చదువుకొన్నవారమైన మన విధి.