లెక్కకు రాని ఆటగాడు

బేస్‌బాల్ మన ఆట కాదు. అందులో క్యాచర్ అంటే మన క్రికెట్‌లో వికెట్ కీపర్ లాంటివాడనుకోండి. ముఖానికి ఇనప ఊచల ముసుగు, కాళ్ళకి కవచాలు కట్టుకుని, బ్యాటు పట్టినవాడి వెనకాల గొంతుక్కూర్చోవాలి. బంతి ఎలా వేయాలో వేళ్ళ సైగలతో చెప్పేదీ అతనే. గొంతుక్కూర్చుని అంట్లు తోమినవాళ్ళకి ఆ మోకాళ్ళ సంగతి వేరే చెప్పక్కర్లేదు!

అలాంటి క్యాచర్లలో జాష్ గిబ్సన్ ఒకడు. 1911లో జార్జియాలో పుట్టాడు. తండ్రి ఉక్కు ఫ్యాక్టరీలో పనికోసం పిట్స్‌బర్గ్ చేరి, తర్వాత కుటుంబాన్ని రప్పించుకున్నాడు. నల్లవాళ్ళు పెద్ద లీగుల్లో ఆడకూడదని అమెరికాలో ఎక్కడా రాసి లేదు. రాయకుండానే ఆ కట్టుబాటు అరవయ్యేళ్ళు నడిచింది. అందుకని వాళ్ళు వేరే లీగులు పెట్టుకున్నారు.

1930లో గిబ్సన్ హోమ్‌స్టెడ్ గ్రేస్ అనే జట్టులో చేరాడు. ఆ ఏడే అతని భార్య హెలెన్ కవలల్ని కని, పురిట్లోనే కన్నుమూసింది. అప్పటికి అతనికి పద్దెనిమిదేళ్ళు. ఆటేమో ఊరూరా తిరిగే బతుకు. పిల్లలిద్దర్నీ హెలెన్ తల్లి పెంచింది. ఆటల చరిత్ర రాసేవాళ్ళు ఆవిడ దగ్గర ఒక్క వాక్యం కంటే ఎక్కువ ఆగరు. నాకు మాత్రం ఆ ఇల్లే కళ్ళముందు మెదులుతుంది.

అతన్ని ‘నల్ల బేబ్ రూత్’ అనేవారు. ఎంత గొప్పవాడైనా తెల్లవాడి పేరు చెప్పి పొగిడితేగాని తృప్తి లేదు కాబోలు! వాషింగ్టన్‌లో తెల్లవాళ్ళ జట్టు ఊళ్ళో లేనప్పుడు గ్రేస్ జట్టు వాళ్ళ గ్రౌండునే అద్దెకి తీసుకుని ఆడేది. యజమాని అద్దె పుచ్చుకున్నాడుగాని, ఆటగాణ్ణి తీసుకోలేదు. మధ్యలో గిబ్సన్ మెక్సికో, పోర్టోరికో వెళ్ళి అక్కడా ఆడాడు.

1943లో జబ్బుపడ్డాడు. మెదడులో కణితి అన్నారు. ఆపరేషనుకి ఒప్పుకోలేదని చెబుతారు. మోకాళ్ళు అరిగిపోయాయి, తాగుడు ముదిరింది. అయినా ఆడుతూనే ఉన్నాడు. 1947 జనవరి 20న, ముప్పయ్యయిదేళ్ళకే పోయాడు. ఆ ఏప్రిల్ 15న జాకీ రాబిన్సన్ అనే నల్ల యువకుడు బ్రూక్లిన్ జట్టులో అడుగుపెట్టి పాత కట్టుబాటు తెంచాడు. మూడు నెలలు కూడా తేడా లేదు, చూశారా!

గిబ్సన్ సమాధిమీద 1975 దాకా రాయయినా లేదు. 1972లో అతన్ని హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి తీసుకున్నప్పుడు పలకమీద దాదాపు 800 హోమ్ రన్‌లు అని చెక్కారు. హోమ్ రన్ అంటే మన సిక్సర్ లాంటిదే. అధికారిక లెక్కలో దొరికేవి మాత్రం రెండు వందలు కూడా లేవు. రెండూ అబద్ధం కాదేమో. వాళ్ళు పల్లెపల్లెకీ వెళ్ళి ఆడిన ఆటలు లీగు పద్దులోకి రావు. తెల్లవాళ్ళ పత్రికలు ఆ స్కోర్లు అంతగా వేసేవి కావు. నల్లవాళ్ళ వారపత్రికలు అచ్చేసినవి ఒక ముఖ్యమైన ఆధారం. పరిశోధకులు ఆ పాత కాగితాలు ఏళ్ళ తరబడి తిరగేశారు.

చివరికి 2020లో ఆ లీగుల్ని పెద్ద లీగులుగా ఒప్పుకున్నారు. 2024 మేలో వాటి అంకెల్ని అసలు పుస్తకంలో కలిపారు. వెయ్యికి 372 చొప్పున గిబ్సన్ సగటు మొదటి వరసలో నిలిచింది. అన్నాళ్ళూ అక్కడున్న టై కాబ్ 367తో కిందికి జరిగాడు. గిబ్సన్ పోయి అప్పటికి 77 ఏళ్ళు.