ఛాయా స్తంభాలు

ప్రత్యేక సంచికకు చరిత్ర విషయం ఏదైనా వ్రాయమని మన కార్యదర్శి గారు అడిగారు. ఏటేటా బ్రతికి ఉన్నట్లు ధ్రువపత్రం ఇచ్చుకునే వాళ్ళం కనుక, చావును గురించి వ్రాస్తే అపశకునమని మన సభ్యులెవరూ అనరనే ధైర్యంతో మొదలుపెడుతున్నాను.

మన పల్లెల్లో పొలాల మధ్య పెద్ద బండరాళ్ళు గుండ్రంగా పాతి ఉంటే జనం రాకాసి గుళ్ళు అంటారు. రాక్షసులు కట్టినవేమీ కావు, ఇనుప యుగపు సమాధులు. తవ్వితే ఎముకల పక్కన కుండలు, ఇనుప పనిముట్లు దొరికాయి. ఆ కాలంలో ఇనుము ఎంత అపురూపమో ఆలోచించండి. బ్రతికున్న వాడికి అక్కరకొచ్చే కత్తిని మట్టిపాలు చేశారంటే, పోయినవాడికి అవతల కూడా పని ఉందని నమ్మి ఉండాలి. కానీ ఆ పోయినవాడి పేరేమిటో తెలియదు.

పేర్లు నాగార్జునకొండలో కనిపిస్తాయి. క్రీ.శ. 3వ శతాబ్దంలో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి అక్కడే. సాగర్ ఆనకట్టతో లోయ మునిగిపోతుందని 1954 నుంచి 1960 వరకు పెద్ద ఎత్తున తవ్వకాలు జరిపారు. పదవీ విరమణ అయిన తర్వాత ఒకసారి లాంచీలో ఆ ద్వీపానికి వెళ్ళాను. అందరూ బౌద్ధ శిల్పాల దగ్గర నిలబడ్డారు. నా మనసు మాత్రం అక్కడి స్మారక స్తంభాల మీదికి పోయింది. శాసనాల ప్రాకృతంలో వీటి పేరు ఛాయా ఖంభాలు, అంటే పోయిన మనిషి ఛాయ నిలిచిన కంబాలు. వాసిష్ఠీపుత్ర శాంతమూల మహారాజుకు అటువంటి స్తంభం ఆయన కుమారుడు వీరపురుషదత్తుని 20వ పాలనా సంవత్సరంలో నిలిపారు. నిలిపినవారు తల్లులు, అక్కచెల్లెళ్ళు, రాణులు. యజ్ఞాలు చేసిన అంతటి రాజును తలచుకుని రాయి ఎత్తించింది ఇంటి ఆడవాళ్ళే! రాజులకే కాదు, యుద్ధంలో పడిన వారికి, పనివాళ్ళ పెద్ద ఒకరికి కూడా అక్కడ స్తంభాలున్నాయి. తర్వాతి శతాబ్దాల వీరగల్లులు ఊరూరా ఉన్నవే, వాటి సంగతి మీకు తెలుసు.

ఫోటోకు మనవాళ్ళు ఛాయాచిత్రమని పేరు పెట్టారు. పదిహేడు వందల ఏళ్ళ నాటి ఆ మాట మన గోడల మీద దండ వేసుకుని కూర్చుందని లాంచీలో తిరిగి వస్తూ అనుకున్నాను.

మా అమ్మకు ఆ ఛాయ కూడా లేదు. ఎన్నడూ ఫోటో తీయించుకోలేదు. ఆమె ముఖం ఎలా ఉండేదో మా అన్నదమ్ములం ఇప్పటికీ తలా ఒక రకంగా చెప్పుకుంటాం. మిగిలింది పుట్టింటివారు పెట్టిన ఇత్తడి బిందె. అంచు కింద చుక్కలతో కొట్టించిన ఆమె పేరు ఉంది. మొన్న సంక్రాంతికి ఇల్లు సర్దుతూ దాన్ని పాత సామానులో వేశారు. నేను తీసుకుని చింతపండుతో తోమి, నా గదిలో కిటికీ పక్కన పెట్టుకున్నాను. రెండక్షరాలు అరిగిపోయాయి గాని, తెలిసినవాళ్ళం చదవగలం.