చాపెక్ పోయిన వారం పత్రికలు

ప్రాగ్‌లో పాత పుస్తకాల కొట్టును 'ఆంటిక్వారియాట్' అంటారు. అలాంటి కొట్టు కనిపిస్తే చాలు, లోపలికి వెళ్లి 1938 డిసెంబరు చివరి వారం పత్రికలున్నాయా అని అడుగుతాను. ఆ నెల 25న, క్రిస్మస్ నాటి సాయంత్రం, నాటకకర్త కారెల్ చాపెక్ న్యుమోనియాతో కన్నుమూశారు. అప్పటికి ఆయనకు 48 ఏళ్లు.

ఆయన పేరు వినని తెలుగువాళ్లకు కూడా ఆయన నాటకంలోని ఒక మాట తెలుసు: రోబో. 'ఆర్.యు.ఆర్.'లో పని కోసం తయారుచేసిన కృత్రిమ మనుషులకు ఏం పేరు పెట్టాలో తోచకపోతే, అన్న యోసెఫ్ అందించిన మాట అది. చెక్ భాషలో 'రోబోత' అంటే దొర పొలంలో రైతు కూలి లేకుండా చేయాల్సిన చాకిరి. అచ్చం మన వెట్టి. తెలంగాణ పల్లెల వాళ్లకు ఇంతకంటే విడమర్చి చెప్పనక్కర్లేదు.

ఆ నెలల పత్రికల్లో దేశం పేరు మధ్య ఒక అడ్డగీత కనిపిస్తుంది: చెకో-స్లొవాకియా. సెప్టెంబరు 30న మ్యూనిక్‌లో హిట్లర్, ముస్సోలినీ, చాంబర్లేన్, దలాదియే కూర్చుని సరిహద్దు ప్రాంతాలను జర్మనీకి రాసిచ్చేశారు. చెక్ ప్రతినిధులను చర్చలకే రానివ్వలేదు. 'మా గురించి, మేం లేకుండా' అని ఇక్కడివాళ్లు ఇప్పటికీ తలచుకుంటారు. మిగిలిన దేశంలో స్లొవాకియాకు స్వయంపాలన ఇచ్చాక పడిన గీత అది.

'తెల్ల జబ్బు' నాటకంలో యుద్ధోన్మాది అయిన నియంతను చూపించిన చాపెక్ మీద, మ్యూనిక్ తర్వాత సొంత దేశపు పత్రికలే విషం కక్కాయి. ఇంటికి ఆకాశరామన్న ఉత్తరాలొచ్చాయి. అందుకే ఆయన్ను పొగిడిన పత్రికలొక్కటే దాచుకుంటే ఆ కాలం అర్థం కాదు. రాళ్లేసినవి కూడా పక్కన ఉండాలి.

నాకు అన్నిటికంటే ప్రాణమైనది మాత్రం 25వ తేదీ 'లిడొవే నోవిని'. 1921 నుంచీ ఆయన పనిచేసిన పత్రిక అది. పరాయి దేశాల మామూలు మనుషులకు నమస్కారాలు చెబుతూ ఆయన రాసిన చివరి వ్యాసం అందులోనే వచ్చింది. కాగితం టీ రంగుకు తిరిగింది, మడత దగ్గర విరుగుతోంది. రెండు చేతులతో పట్టుకుని చదువుతాను.

1939 మార్చి 15న జర్మన్ సైన్యం ప్రాగ్‌లో దిగింది. చాపెక్‌ను పట్టుకుపోవడానికి గెస్టపో ఇంటికొస్తే, ఆయన లేరని భార్య ఓల్గా చెప్పాల్సి వచ్చింది. దేశమంతా చదివిన వార్త వాళ్లకు తెలియదు. యోసెఫ్‌ను సెప్టెంబరు 1న పట్టుకుపోయారు. 1945 ఏప్రిల్‌లో బెర్గెన్-బెల్సెన్ నిర్బంధ శిబిరంలో ఆయన పోయారు. ఏ తేదీనో ఎవరికీ తెలియదు. ఆయన కోసం ఫలానా రోజు పత్రిక ఉందా అని ఏ కొట్లోనూ అడగడానికి లేదు.